మాతృభాష గడిలో ఒక శాక్సోఫోన్

2004లో అమెరికాలో ఒక జాజ్ ఆల్బం వచ్చింది. పేరు ‘మదర్ టంగ్’, అంటే మాతృభాష. అందులో ఒక ట్రాక్ పేరు ‘తెలుగు’. కన్నడం, గుజరాతీ, కొంకణి, తమిళం, మలయాళం, ఇంగ్లీషు పేర్లతో కూడా ట్రాకులు ఉన్నాయి. వీటిలో పాడేవాళ్లు ఎవరూ లేరు. శాక్సోఫోన్, పియానో, బేస్, డ్రమ్స్, అంతే. ‘తెలుగు’ అని పేరు పెట్టి అందులో ఒక్క తెలుగు మాట కూడా లేకుండా చేసినవాడు రుద్రేశ్ మహంతప్ప. ఈ రోజుల్లో ఆల్టో అనే రకం శాక్సోఫోన్ వాయించే గొప్పవాళ్లెవరని జాజ్ లోకాన్ని అడిగితే మొదట్లోనే వచ్చే పేర్లలో ఆయనది ఒకటి.

నేను ఆ ట్రాక్ మొదటిసారి విన్నది ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న మా పర్లాకిమిడిలో, మా మేడ మీద, కరెంటు పోయిన ఒక రాత్రి. నిజం చెప్పాలంటే నచ్చలేదు. తెలుగు అన్నాడు కదా, ఎక్కడో ఒక కీర్తన ముక్కో, జానపదం వరసో తగులుతుందని ఎదురు చూశాను. తగల్లేదు. ఎవరో గబగబా మాట్లాడుతూ మధ్యలో ఆగి, మళ్లీ అందుకున్నట్టు ఉంది. అది ఎలా తయారైందో తర్వాత తెలిశాక మళ్లీ విన్నాను. ఈసారి వదల్లేకపోయాను.

మహంతప్ప తల్లిదండ్రులు దక్షిణ భారతం నుంచి వెళ్లినవాళ్లు. తండ్రి భౌతికశాస్త్రం ప్రొఫెసర్. పిల్లవాడు పెరిగింది కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్‌లో. అక్కడ మనలాంటి ముఖం కనిపిస్తే ఎదుటివాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: నువ్వు ‘ఇండియన్’ మాట్లాడతావా? ఇంకొందరు ‘హిందూ’ మాట్లాడతావా అని అడుగుతారు. ఇండియన్ అనే భాష లేదు, హిందూ అనేది భాష కాదు. అయినా అడిగేవాళ్లకి అది తెలియదు, చెప్పినా గుర్తుండదు. మామూలుగా మనం ఏం చేస్తాం? నవ్వి ఊరుకుంటాం, లేకపోతే ఒళ్లు మండి ఒక పాఠం చెబుతాం. మహంతప్ప మాత్రం అమెరికాలోని భారతీయులని ఆ ప్రశ్నే అడిగి, ఎవరి భాషలో వాళ్లు చెప్పిన జవాబులు రికార్డు చేశాడు. తర్వాత ఆ మాటల అర్థం పక్కన పెట్టి, అవి ఎక్కడ పైకి లేస్తున్నాయి, ఎక్కడ కిందికి దిగుతున్నాయి, ఏ అక్షరం దగ్గర సాగుతున్నాయి, ఎక్కడ తెగుతున్నాయి అని విని స్వరాలుగా రాసుకున్నాడు. ఆ స్వరాల మీద కట్టినవే ఈ పాటలు.

మన మాటల్లో చెప్పాలంటే ఆయన భాషని తీసుకోలేదు, యాసని తీసుకున్నాడు.

ఇది పర్లాకిమిడి, కాశీనగర్, బరంపురం, రాయగడ వైపు తెలుగువాళ్లకి అర్థమైనంతగా హైదరాబాద్ వాళ్లకి అర్థం కాదేమో అని నా అనుమానం. వాళ్లని ‘మీది ఏ భాష’ అని ఎవరూ అడగరు కదా. మమ్మల్ని అడుగుతారు. మా అమ్మాయిని బడిలో చేర్చినప్పుడు ఫారంలో మాతృభాష అని ఒక గడి ఉంది. తెలుగు అని రాశాను. కౌంటర్లో కూర్చున్నాయన దాన్ని చూసి, నన్ను చూసి, “మరి మీరు ఒడియా వాళ్లు కాదా?” అన్నాడు. ఒడియాలోనే అడిగాడు, నేనూ ఒడియాలోనే జవాబు చెప్పాను. అదే ఆయన్ని ఇంకా అయోమయంలో పడేసింది. ఇంత బాగా మాట్లాడుతున్నారు, మరి ఒడియా అని రాయొచ్చు కదా అన్నాడు. మంచివాడే, వెటకారంగా అనలేదు. అదే నెలలో విశాఖలో ఒక పెళ్లికి వెళ్తే, మా బంధువే ఒకావిడ నా మాట విని, “మీ తెలుగు ఒడియాలా ఉంటుందండీ, వినడానికి తమాషాగా ఉంటుంది” అంది. ఇటువాళ్లకి మూడో మాటకి తెలుగువాళ్లం అయిపోతాం, అటువాళ్లకి రెండో మాటకే ఒడియా వాళ్లం.

నౌపడ నుంచి గుణుపూర్ పోయే రైలెక్కి, ఫోను జేబులో పెట్టి, చెవులు తెరుచుకుని కూర్చోండి. టెక్కలిలో ఎక్కినవాళ్ల మాట ఒక తీరు. పాతపట్నం వచ్చేసరికి వాక్యం చివర కొంచెం బరువు పెరుగుతుంది. పర్లాకిమిడి దాటాక ఒకే మనిషి నోట్లో రెండు భాషలు పక్కపక్కన కూర్చుని ఉంటాయి: బేరం తెలుగులో, లెక్క ఒడియాలో, కోపం వస్తే మళ్లీ తెలుగులో. తెలుగు అజంత భాష అని మనం గొప్పగా చెప్పుకుంటాం. కానీ ఒడియా కూడా మాట చివర అచ్చుని వదలదు. హిందీవాడు ‘ఘర్’ అని తుంచేసేదాన్ని ఒడియావాడు ‘ఘొరొ’ అని పూర్తిగా పలుకుతాడు. అందుకే ఈ రెండు భాషలూ కలిసినా ఎక్కడా కుదుపు ఉండదు. తెలుగు దీర్ఘం మెల్లగా ఒడియా ‘ఒ’లోకి జారుతుంది. కాగితం మీద ఇదేదీ కనిపించదు. చెవికే తెలుస్తుంది.

ఇది చెవి విషయమని ముందే గట్టిగా పట్టుకున్న మనిషి మా ఊళ్లోనే పాఠాలు చెప్పాడు. గిడుగు రామ్మూర్తి గారు పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారుగా చేరి, జనం మాట్లాడే భాషకి పుస్తకంలో చోటు కావాలని జీవితమంతా కొట్లాడారు. 1919లో ‘తెలుగు’ అనే పేరుతోనే పత్రిక నడిపారు. కొండల మీద సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ తయారు చేశారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. నోటిమాట కోసం అంతగా పోరాడినాయనకి ఆ నోటిమాట వినపడకుండా పోయింది. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిశాక, ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆగస్టు 29న ఆయన పేరు మీద రెండు రాష్ట్రాల్లో తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు. ఆయన ఎవరి మాటలు విని ఆ వాదన కట్టారో ఆ జనం మాత్రం మూడో రాష్ట్రంలో మిగిలిపోయారు.

మహంతప్పకి గిడుగు ఎవరో తెలిసి ఉండాల్సిన పని లేదు. కానీ ఇద్దరూ చేసింది ఒకే పని. మాట ఎలా ఉండాలో చెప్పడం మానేసి, ఎలా ఉందో రాసుకున్నారు.

ఇంకో సంగతి ఉంది, ఇది యాదృచ్ఛికమే. మహంతప్ప పుట్టింది అమెరికాలో కాదు. 1971లో ఇటలీలోని ట్రియెస్తెలో. మ్యాప్ తీసి చూడండి, అది మా ఊరికి అక్కలాంటి ఊరు. ఇటలీకి ఒక మూలన, స్లొవేనియా సరిహద్దుకి ఆనుకుని ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆస్ట్రియా చక్రవర్తిది, తర్వాత ఇటలీది, రెండో యుద్ధం తర్వాత 1954 వరకు ఎవరిదీ కాని ప్రత్యేక ప్రాంతం. పసితనంలో వదిలేసిన ఊరు మనిషిని తయారు చేస్తుందని నేను అనను, అది జాతకాల వాళ్ల మాట. కాకపోతే ఆయన సంగీతం గురించి రాసేటప్పుడు ఆ పుట్టిన ఊరి పేరు దాటిపోవడం నా వల్ల కాలేదు.

బౌల్డర్‌లో చిన్నప్పుడే శాక్సోఫోన్ పట్టాడు. చార్లీ పార్కర్ రికార్డులు విన్నాక ఇక వేరే దారి కనపడలేదు. పార్కర్ 34 ఏళ్లకే, 1955లో పోయినా ఆల్టో శాక్సోఫోన్ వాయించే ప్రతివాడూ ఇవాళ్టికీ ఆయన నీడలోనే మొదలుపెడతాడు. మహంతప్ప బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో, తర్వాత షికాగోలోని డిపాల్ విశ్వవిద్యాలయంలో చదివి న్యూయార్క్ చేరాడు. పియానిస్టు విజయ్ అయ్యర్‌తో స్నేహం 90ల మధ్యలో కుదిరింది. మదర్ టంగ్‌లో పియానో ఆయనదే. వీళ్లకంటే ముందు అమెరికన్ జాజ్‌లో ‘ఇండియా’ అంటే ఎక్కువగా తెల్లవాళ్లూ నల్లవాళ్లూ దూరం నుంచి చూసి ముచ్చటపడిన దేశం. ఆ దేశపు పిల్లలే వేదికెక్కి, వాళ్ల పద్ధతిలో జాజ్ వాయిస్తుంటే జనానికి కొంచెం ఇబ్బంది అయింది. మనవాడివి కదా, సితార్ ఏదీ, తబలా ఏదీ అన్నట్టు చూశారు.

ఆ రోజుల్లోనే అన్నయ్య ఆయనకి వేళాకోళంగా ఒక ఆల్బం ఇచ్చాడు. పేరు ‘శాక్సోఫోన్ ఇండియన్ స్టైల్’. వాయించింది కద్రి గోపాలనాథ్.

గోపాలనాథ్ గురించి తెలుగువాళ్లకి పరిచయం అక్కర్లేదు. దక్షిణ కన్నడ జిల్లాలో నాదస్వరం వాయించే ఇంట్లో 1949లో పుట్టి, మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ చూసి, అదే నేర్చుకుంటానని పట్టుబట్టాడు. అందులో ఉన్న కష్టం ఏమిటో సన్నాయి వాయించేవాళ్లకే అర్థమవుతుంది. సన్నాయికి బెజ్జాల మీద నేరుగా వేళ్లు ఉంటాయి. వేలు సగం ఎత్తి, పావు ఎత్తి స్వరాన్ని ఊపొచ్చు, జార్చొచ్చు. శాక్సోఫోన్‌కి బెజ్జాలని మూసేవి మెత్తలున్న మూతలు. నొక్కితే మూసుకుంటాయి, వదిలితే తెరుచుకుంటాయి. మధ్యలో నిలవడానికి ఒప్పుకోవు. గమకం అంటే ఆ మధ్యలోనే కదా ఉండేది. గోపాలనాథ్ వాద్యంలో మార్పులు చేసుకుని, పెదవులతో, ఊపిరితో ఆ మధ్య జాగాని పట్టుకున్నాడు. 1980లో బొంబాయిలో జాజ్ ఫెస్టివల్‌కి వచ్చిన అమెరికన్ శాక్సోఫోనిస్టు జాన్ హ్యాండీ ఆయన వాయింపు విని తనూ వేదికెక్కి కలిసి వాయించాడు. 1994లో లండన్‌లో బీబీసీ ప్రామ్స్ అనే సంగీతోత్సవంలో గోపాలనాథ్ కచేరీ చేశాడు. 2019 అక్టోబరులో మంగళూరులో కన్నుమూశాడు.

మహంతప్ప ఆ ఆల్బంని వేళాకోళంగా తీసుకోలేదు. తను వాయించే వాద్యమే, అదే ఆల్టో. కానీ తనకి తెలియని శబ్దం వస్తోంది. కొన్నేళ్ల తర్వాత ఆయన్నే వెతుక్కుంటూ వెళ్లాడు. ఇద్దరూ కలిసి చేసిన ‘కిన్స్‌మెన్’ 2008లో వచ్చింది. అందులో వయొలిన్ ఎవరిదో చూడండి: అవసరాల కన్యాకుమారి గారిది. విజయనగరం ఆవిడది. మా ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కితే వెళ్లి రాత్రి భోజనానికి తిరిగి రావచ్చు. మృదంగం పూవలూరు శ్రీజి. న్యూయార్క్ నుంచి గిటారు, బేస్, డ్రమ్స్. ఈ ఆల్బం వినేవాళ్లకి ఒక సూచన: రెండు శాక్సోఫోన్లలో ఏది ఎవరిదని గుర్తుపట్టడానికి ప్రయత్నించకండి, వయొలిన్ వెంట వెళ్లండి. రెండు వైపులవాళ్లకీ మాట అందిస్తున్నది ఆవిడే అనిపిస్తుంది.

దీన్ని పత్రికలు ‘ఫ్యూజన్’ అన్నాయి. ఆ మాట నాకు పడదు. ఫ్యూజన్ అంటే మన దగ్గర అలవాటైంది ఏమిటి? ఒక రాగం ముక్క, వెనకాల డ్రమ్స్, చివర్లో తనియావర్తనం లాంటి హడావుడి, చప్పట్లు. ఎవరి ఇంట్లో వాళ్లు వండుకొచ్చి ఒకే బల్ల మీద పెట్టినట్టు. కిన్స్‌మెన్‌లో అలా ఉండదు. జాజ్‌కి కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, మారుతుండాలి; వాటిమీదే మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లుకునే సంగీతం, నడుస్తుంది. కర్ణాటక సంగీతానికి శ్రుతి కదలకూడదు. ఈ రెండింటికీ నిజంగానే పడదు. ఆ పడని చోటుని కప్పిపుచ్చకుండా పాటల్లోకి తీసుకొచ్చారు కాబట్టే అది ఇంతకాలం నిలిచింది. మనవైపు కొందరు అభిమానులు మాత్రం మహంతప్పని “మనవాడు, మన సంగీతాన్ని అమెరికాకి పట్టుకెళ్లాడు” అని మెచ్చుకుంటారు. నువ్వు ఇండియన్ మాట్లాడతావా అని బౌల్డర్‌లో అడిగినవాడికీ వీళ్లకీ పెద్ద తేడా లేదంటాను. ఇద్దరూ ఆయన ఏం వాయిస్తున్నాడో వినకముందే జవాబు రాసేసుకున్నారు.

ఆయన ఒకచోట ఆగే మనిషి కాదు. కిన్స్‌మెన్‌కి ముందే 2006లో ‘కోడ్‌బుక్’ చేశాడు. గూఢలిపి శాస్త్రంలో నుంచీ, ముందు రెండూ కలిపితే తర్వాతది వచ్చే ఫిబొనాచి సంఖ్యల్లో నుంచీ తాళాలూ స్వరాలూ తీశాడు. ప్రొఫెసర్ గారి అబ్బాయి అనిపించుకున్నాడు! అందులో కొన్నిచోట్ల లెక్కే ఎక్కువ వినిపిస్తుందని నా ఫిర్యాదు. 2013లో ‘గమక్’. 2015లో పార్కర్‌కి నమస్కారంగా ‘బర్డ్ కాల్స్’, విమర్శకులు నెత్తిన పెట్టుకున్నది అదే. 2007లో గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్, 2013లో డోరిస్ డ్యూక్ అవార్డు, 2016 నుంచి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జాజ్ విభాగానికి డైరెక్టరు.

ఈ చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. ప్రపంచమంతా పేరున్న జాజ్ వాద్యకారుడు కూడా టిక్కెట్లమ్మి, రికార్డులమ్మి బతకడం కష్టం. ఫెలోషిప్ కావాలి, అవార్డు కావాలి, విశ్వవిద్యాలయంలో కుర్చీ కావాలి. అంటే ఆ సంగీతం విలువైనదని నమ్మి డబ్బు పెట్టే సంస్థలు ఉండాలి. మా మావయ్యకి అవి లేవు.

మా మావయ్య బ్యాండు పార్టీలో క్లారినెట్ వాయిస్తాడు. అవసరమైతే శాక్సోఫోన్ కూడా. జాజ్ ఎక్కడ పుట్టిందో ఆయనకి చెప్పినప్పుడు ఆశ్చర్యపోలేదు. న్యూ ఆర్లియన్స్ అనే ఊళ్లో, వీధుల్లో ఊరేగింపుగా నడుస్తూ వాయించే బ్యాండుల్లోంచి వచ్చింది అన్నాను. శవం వెంట వెళ్లేటప్పుడు మెల్లగా వాయిస్తారు, తిరిగొచ్చేటప్పుడు హుషారుగా వాయిస్తారు అన్నాను. “మనమూ అంతే కదరా” అన్నాడు. నిజమే. మాకు పెళ్లికీ బ్యాండే, పండుటాకు రాలినప్పుడు చావుకీ బ్యాండే. సైన్యాల బ్యాండుల్లో వాడే ఇత్తడి వాద్యాలు అక్కడా ఇక్కడా వీధుల్లోకి వచ్చేశాయి. అక్కడ వాటిలోంచి ఒక కొత్త సంగీతం పుట్టింది, దానికి చరిత్రలు రాశారు, డిగ్రీలు పెట్టారు. ఇక్కడ పెళ్లికొడుకు స్నేహితులు చెప్పిన సినిమా పాట వాయించాలి, డీజే వస్తే పక్కకి తప్పుకోవాలి, మూఢాల్లో కూలికి పోవాలి. సంగీతంలో తేడా వల్లే ఇలా జరిగిందని నేను నమ్మను. మైసూరులో ప్యాలెస్ బ్యాండు ఉండబట్టి ఒక పిల్లవాడు శాక్సోఫోన్ చూశాడు, నేర్పే గురువు దొరకబట్టి కద్రి గోపాలనాథ్ అయ్యాడు. పర్లాకిమిడిలోనూ కోట ఉంది. బ్యాండు కుర్రాళ్లకి నేర్పే బడి మాత్రం లేదు.

తెలుగు అకాడమీల సంగతి ఎత్తితే ఇంకో వ్యాసం అవుతుంది. అవి సరిహద్దు ఇవతల కళాకారుడిని పట్టించుకోవు. ఇవతల ప్రభుత్వానికి గోటిపువా ఉంది, ఒడిస్సీ ఉంది, సంబల్‌పురి ఉంది. అవన్నీ గొప్పవే. రెండు భాషల పెళ్లిళ్లలోనూ వాయించి, ముహూర్తం ముందు తెలుగు పాటా అప్పగింతల్లో ఒడియా పాటా అందుకునే మా బ్యాండు ఎవరి లెక్కలోకీ రాదు. ఏ గడిలో రాయాలో తెలియని సంగీతం కదా.

మొన్న సంక్రాంతికి మావయ్యకి ఆ ‘తెలుగు’ ట్రాక్ వినిపించాను. అరుగు మీద కూర్చుని, ఫోను చెవికి దగ్గరగా పట్టుకుని, మొదట్నుంచి చివరిదాకా విన్నాడు. మధ్యలో ఒకసారి వేళ్లు మోకాలి మీద ఆడాయి.

“ఇది పాట కాదురా. ఎవులో ఎవుల్తోనో వాదిస్తన్నారు.”

అప్పటిదాకా ఆయనకి అది ఎలా తయారైందో నేను చెప్పలేదు. చెప్పాక నవ్వి, “దీనికి అమెరికా ఎందుకు” అంటూ లోపలికి వెళ్లి క్లారినెట్ తెచ్చాడు. రీడు కాసేపు నోట్లో పెట్టుకుని తడిపాడు. తర్వాత ఒక చిన్న వరస వాయించాడు: కింద మొదలై, గబుక్కున పైకి లేచి, చివర సాగి, కొంచెం విసుగుతో దిగేది. రెండోసారి వాయించేసరికి నాకూ అర్థమైంది. రోజూ మధ్యాహ్నం అత్త అన్నానికి పిలిచే పిలుపు అది.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. “నానింకా పిలవనేదు కదా, ఏటా తొందర?” అంది అత్త.